ఖాసింబీ చిటికెడు

పలకల షెడ్డులో పన్నెండున్నరకి మిషను ఆగుతుంది.
చెవుల్లో రంపం మాత్రం ఇంకాసేపు తిరుగుతూనే ఉంటుంది.
కనురెప్పల మీది బూడిదరంగు దుమ్ము కడుక్కుని
క్యారియర్లు విప్పుతాం.
మూత తీసిన వాసనని బట్టి
ఎవరింట్లో జీతం మిగిలిందో, ఎవరింట్లో లేదో తెలిసిపోతుంది.
ఎవరూ అనరు.

మార్కాపురంలో రాసుకోవడానికి కరువు లేదు.
అంచు విరిగి బేరానికి రాని పలకలు
గోడవారన గుట్ట.
వంట నచ్చితే ఓ ముక్క ఏరుకుని
బలపంతో గీకేసుకోవడమే.
నా సంచిలో దానమ్మ పుచ్చకాయ తొక్క పచ్చడి ఉంది:
"తెల్లచెక్క ఒక్కటే. పచ్చదనం తగిలిందా, నీ ఖర్మ."
గురవమ్మ కొర్ర ఇడ్లీ ఉంది.
ఇడ్లీ కాలేదది, ఉప్మా అయింది.
ఉప్మా అనే రాయించింది,
మొదట్నించీ అదే అనుకున్నట్టు.
చెన్నమ్మ కందిపప్పుకి రెండు విజిళ్లంది.
మా బోరు నీళ్లకి ఆరు పెట్టినా
పప్పు గవ్వల్లా గలగలమంది.
వాళ్ల వీధికి సాగర్ నీళ్లొస్తాయి.
పలక మీద ఆ ముక్క లేదు.

ఖాసింబీ వంకాయ ఎండురొయ్యల పులుసు సంగతి వేరు.
ఆ గిన్నె తెరిస్తే
గుమాస్తా కూడా లెక్క ఆపి తల తిప్పుతాడు.
రొయ్యలు మట్టిపెంకులో వేయించి, తలా తోకా తుంచి,
వంకాయలు గుత్తుల్లా చీల్చి,
చింతపండు నిమ్మకాయంత,
బెల్లం రవ్వంత,
దించబోయే ముందు మెంతిపొడి చిటికెడు.
అన్నీ చెప్పింది. అన్నీ రాసుకున్నా.

మొదటిసారి చేదు.
మెంతులు మాడాయనుకున్నా.
రెండోసారి దోరగా వేయించా. చేదే.
మూడోసారి బెల్లం పెంచితే
చేదుకి తీపి తోడై
మా ఆయన పులుసు పక్కకి నెట్టి మజ్జిగ అడిగాడు.
ఏదో దాచిందిలే అనుకున్నా.
వంట చెప్పేవాళ్లు ఒకటి దాచుకుంటారని మా అత్త అనేది,
తను మూడు దాచుకుని.

మిగిలిన ఆ పులుసే క్యారియర్లో పోసుకుని
జగడానికి పోయినట్టు పోయా.
"ఇదుగో నీ పులుసు. తిని చూడు."

ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది.
నమిలింది. ఆగింది.
ఇంకో ముద్ద.
తిడదామని దారంతా కూడబెట్టుకున్న మాటలు
నా నాలిక మీదే ఆరిపోతున్నాయి.
గిన్నె అడుగంతా తుడిచి తినేసింది.
"కంభంలో మా అమ్మ కాసే పులుసమ్మే ఇది.
తొమ్మిదేళ్లుగా కాస్తన్నా, ఇట్టా రావట్లా.
ఏం తగ్గిందో తెలవట్లా."

అప్పుడు చూశా ఆ చెయ్యి.
రోజూ చూసేదే.
చూపుడువేలు రెండో కణుపు దగ్గర,
బొటనవేలు గోటి మొదట్లో
రంపం ఆపేసిన చెయ్యి.
ఆ రెండు మొండి కొసల మధ్య
పొడి ఎంతని నిలుస్తుంది?

నేను నోరెత్తలేదు.
తనే నా చెయ్యి లాక్కుని
తన చేతి పక్కన పెట్టుకుని చూసింది.
"ఓసి నీ దుంపతెగ, ఇదా సంగతి!"
నవ్వి నవ్వి పొరబోతే
వీపు నిమిరి నీళ్లిచ్చాం.

ఇప్పుడు మా ఇంట్లో
చూపుడువేలు మడిచే మెంతిపొడి వేస్తా.
మా ఆయన మారు వడ్డించుకుంటాడు.
పలక మీద "ఖాసింబీ చిటికెడు" అని దిద్దుకున్నా.
అదెంత అని దానమ్మ అడిగితే
చెప్పడం రాక, వేలు మడిచి చూపించా.
అది నన్ను అదోలా చూసింది.

ఆదివారం వాళ్ల పొయ్యి మీద పులుసు ఉడుకుతుంటే
ఖాసింబీ తన మనవణ్ణి పంపుతుంది.
నాలుగిళ్లు దాటి పోయి
నిండు వేళ్లతో ఒక్క చిటికెడు వేస్తా.
తిని పొమ్మంటుంది.
నాకా చేదు పడదు.
అయినా కూర్చుంటా.